చెప్పకుండా మార్చిన రబ్బరు కప్పు

మా అక్క కారు నడుపుతుంటే బందరు రోడ్డు మీద సైకిళ్ళవాళ్ళు కాలు నేలకానించి మరీ చూసేవాళ్ళు. డెబ్బైల నడిమి రోజులవి. బెజవాడలో సొంత కార్లే తక్కువ, అందులో స్టీరింగు ముందు ఆడమనిషి కూర్చున్న కారు ఇంకా తక్కువ. అక్క డాక్టరు. పటమటలో మేమున్న ఇంటి ముందుగదే ఆమె క్లినిక్కు. నేను ఊళ్ళోనే ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మాతోపాటు నాన్నగారు ఉండేవారు. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయిన మనిషి.

కొత్త కారు కావాలంటే అప్పట్లో పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అక్క వంతు వచ్చేసరికి పేరు రాయించిన సంగతే మేం మర్చిపోయాం. రంగు మనం కోరుకునేది కాదు, వాళ్ళు ఇచ్చేది. మాకు బూడిదరంగు వచ్చింది. బండి ఇంటికొచ్చిన సాయంత్రం పాస్టరుగారు వచ్చి బానెట్టు మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. ఆయన అటు వెళ్ళగానే పక్కింటి పిన్నిగారు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. నాన్నగారు చూసీ చూడనట్టు పేపరు అడ్డం పెట్టుకున్నారు. అక్క నవ్వి, "ఎవరి రక్షణ వాళ్ళు ఇస్తున్నారు, వద్దనటం ఎందుకు?" అని నిమ్మకాయల మీదుగా బండిని ముందుకు పోనిచ్చింది.

హనుమాన్ జంక్షన్‌లో అక్కతో చదువుకున్న ఒకావిడ చిన్న ఆసుపత్రి పెట్టింది. కష్టమైన కాన్పులుంటే అక్కను పిలిపించేది. సెలవురోజైతే నేనూ తోడు వెళ్ళేదాన్ని. ఒక వేసవి శనివారం అలాగే వెళ్ళాం. అక్కడ ఒకమ్మాయి పొద్దుటినుంచీ నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. అక్క చూసి, "ఇక్కడ కాదు, బెజవాడ తీసికెళ్ళి ఆపరేషను చేయించాలి" అంది. అమ్మాయిని మా కారు వెనక సీట్లో పడుకోబెట్టారు. తల్లి కూతురి తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ముందు సీట్లో ఎక్కాను.

గన్నవరం ఇంకా రాకముందే అక్క, "బండి బరువెక్కినట్టుందే" అంది. నలుగురం ఉన్నాం కాబట్టేమో అన్నాను. "నలుగురికే ఇట్లా అవుతుందా? వెనక నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుంది." యాక్సిలేటరు ఎంత తొక్కినా వేగం తగ్గిపోతూ వచ్చింది. ఏదో మాడుతున్న వాసన. గన్నవరం దాటాక ఇంజను గట్టిగా అరిచింది గాని చక్రం కదల్లేదు. దిగి చూస్తే చక్రాల డ్రమ్ములు చెయ్యిపెట్టలేనంత వేడిగా ఉన్నాయి.

వెనక సీట్లో అమ్మాయి అరుపులు. అక్క రోడ్డు మధ్యలోకి వెళ్ళి నిలబడి రెండు చేతులూ చాపింది. ఏలూరు నుంచి వస్తున్న ఎర్రబస్సు కీచుమని ఆగింది. కండక్టరు తల బయటపెట్టి తిట్టబోయి, కారులోకి చూసి మాట మార్చాడు. "లేవండి, లేవండి! ఆ పొడుగు సీటు ఖాళీ చెయ్యండి!" అని లోపలికి కేకేశాడు. నలుగురు మగవాళ్ళు దుప్పట్లో అమ్మాయిని బస్సులోకి ఎక్కించారు. తల్లీ, అక్కా వెంట వెళ్ళారు. బస్సు ఎక్కడా ఆపకుండా పెద్దాసుపత్రి గేటు దాకా పోయిందని తర్వాత తెలిసింది. ప్రయాణికుల్లో ఒక్కరు కూడా నోరెత్తలేదట.

నేను కారు దగ్గర కాపలా మిగిలాను. నాకు డ్రైవింగు రాదు. చాలాసేపు రోడ్డు పక్కన నీడలో కూర్చుని, విసుగుపుట్టి వచ్చి బండికి ఆనుకుని నిలబడ్డాను. అది మెల్లగా ముందుకు కదిలింది. ఉలిక్కిపడి లోపలికి వంగి హ్యాండ్ బ్రేకు లాగాను. ఇందాక ఇంజను బలానికే కదలని బండి, ఇప్పుడు నా బరువుకి ఎట్లా కదిలింది? ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ బాగుచెయ్యలేదు. వేడి తగ్గింది, అంతే. డ్రమ్ము మీద చెయ్యిపెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. ఆ క్షణం నుంచీ నాకు భయంకన్నా కుతూహలం ఎక్కువైంది.

చీకటిపడే వేళకు అక్క ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి తల్లీబిడ్డా క్షేమమని చెప్పింది, చల్లారిన బండిని మెల్లగా ఇంటికి నడిపింది. కాని అక్క ముఖంలో ఆ తేలిక కనపడలేదు. అన్నం కలుపుతూ, "ఆ బస్సు రాకపోతే?" అంది.

ఆటోనగర్‌లో మా బండి చూసే మేస్త్రి పెద్ద పనివాడు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. బండి చుట్టూ తిరిగి, "బ్రేకులు పట్టేసినయ్యండీ. డాక్టరమ్మగారు కాలు పెడలు మీదే పెట్టి నడుపుతున్నారు. ఆడవాళ్ళు భయంతో అట్టా పెడతారు" అన్నాడు. ఆయన బ్రేకులు వదులు చేసి ఇచ్చాడు. తర్వాతి వారం కంకిపాడు దారిలో మళ్ళీ అదే తంతు. ఈసారి అక్క కాలు తీసి పక్కన పెట్టి, నన్ను చూడమని మరీ నడిపింది. అయినా పట్టేశాయి.

రెండోసారి షెడ్డుకి వెళ్ళినప్పుడు అక్కడ మరో బూడిదరంగు కారు ఉంది. మాదాని అక్కచెల్లెలే. దాని యజమాని కంకిపాడు వైపు రైసు మిల్లున్న ఆసామి. తెల్ల పంచె, పెద్ద గొంతు. పెళ్ళివారిని ఎక్కించుకుని వెళుతుంటే ఉయ్యూరు దగ్గర ఆగిపోయిందట. "పెళ్ళికొడుకు చేత తోయించానండీ బాబూ! వాళ్ళ నాన్న ఇప్పటికీ నాతో మాట్టాడ్డం లేదు" అని వాపోయాడు. ఆయన బండి నడిపేది డ్రైవరు, పదేళ్ళ అనుభవమున్న మగమనిషి. అక్క మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి తల గోక్కున్నాడు.

"మాస్టర్ సిలిండరు విప్పండి" అంది అక్క.

మాస్టర్ సిలిండరంటే పెడలు తొక్కినప్పుడు బ్రేక్ ఆయిలుని చక్రాలవైపు నెట్టే చిన్న గొట్టం. అందులో బొటనవేలంత రబ్బరు కప్పు ఒకటుంటుంది. మేస్త్రి దాన్ని బయటికి లాగటానికి తంటాలు పడ్డాడు. బూరెలా ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంది. రెండో బండిలోదీ అంతే. అదే మోడలు పాత బండి ఒకటి షెడ్డులో ఉంటే దాని కప్పు తీసి చూపించాడు. ఏళ్ళు గడిచినా చక్కగా ఉంది.

"ఉబ్బిన కప్పు వెనక్కి సరిగ్గా రాదండీ. ఆయిలు తిరిగొచ్చే కన్నం మూసుకుపోద్ది. ఇంక బ్రేకు వదలదు" అని మేస్త్రి విడమరిచి చెప్పాడు. బండి చల్లారాక ఎందుకు కదిలిందో అప్పుడు నాకు బోధపడింది. వేడికి పొంగిన ఆయిలు చల్లబడి తగ్గగానే పట్టు వదిలిందన్నమాట. కాని కప్పు ఉబ్బటం ఎందుకు? మూడు బళ్ళలోనూ సర్వీసుకి తెచ్చినప్పుడు మేస్త్రి పోసింది ఆటోనగర్ కొట్లో దొరికే ఒకే ఆయిలు. నేను కప్పులు తుడిచి వెలుతురులో పెట్టి చూశాను. పాతదాని మీద ఒక గుర్తు ఉంది. కొత్తవాటి మీద వేరే గుర్తు. కారుతో ఇచ్చిన చిన్న పుస్తకంలో మాత్రం పాత కప్పులు చేసే కంపెనీ పేరే ఉంది.

ఇంకొక సంగతి. కొత్త కారుతో వచ్చిన అసలు ఆయిలు డబ్బాలో అడుగున కాస్త మిగిలింది. మూత తీస్తే చిన్నప్పుడు అమ్మ బలవంతంగా తాగించిన ఆముదం వాసన. బజారు ఆయిలుకు ఆ వాసన లేదు.

నాకింక నిద్రపట్టలేదు. పాతరకం కప్పులు మేస్త్రి ఇచ్చాడు. కొత్తరకం షోరూము స్పేర్ల కౌంటరులో కొన్నాను. కాలేజీ లాబులో కిటికీ పక్కన నాలుగు మూతసీసాలు పెట్టాను. పాత కప్పు ఆముదం ఆయిల్లో ఒకటి, బజారు ఆయిల్లో ఒకటి. కొత్త కప్పు కూడా అలాగే ఒక్కొక్కదానిలో ఒకటి. మా బీయస్సీ పిల్లలు మధ్యాహ్నం అన్నాలు తిని సీసాల చుట్టూ చేరేవాళ్ళు. ఏది ఉబ్బుతుందని పందేలు కాసుకున్నారు. ఎక్కువమంది కొత్త కప్పులు రెండూ ఉబ్బుతాయన్నారు. నా మనసులోనూ అదే ఉంది. కంపెనీవాళ్ళు నాసిరకం వేశారు, అంతే కదా అనుకున్నాను.

అలా జరగలేదు. కొన్నాళ్ళకు మూడు సీసాల్లో కప్పులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బజారు ఆయిల్లో వేసిన కొత్త కప్పు ఒక్కటే ఉబ్బింది. ఆముదం ఆయిల్లో ఉన్న కొత్త కప్పు నిగనిగలాడుతోంది, పాతదానికన్నా బాగుంది కూడాను. నాసిరకం కాదు, వేరే రకం. పాత కప్పుకి ఏ ఆయిలైనా ఒకటే. కొత్తదానికి ఒకటి పడుతుంది, రెండోది పడదు. ఇంటికి పరుగున వచ్చి అక్కకి చెప్పాను. అక్క పేషెంటు నాడి పట్టుకునే విని, "అంటే ఆ ఒక్క మాట మనకు ముందే చెప్పి ఉంటే ఏ గొడవా లేదు" అంది.

బందరు రోడ్డులో షోరూముకి వెళ్ళాం. మిల్లు ఆసామి కూడా వచ్చాడు. మేనేజరు మర్యాదగా కూల్‌డ్రింకులు తెప్పించి, "కంపెనీనుంచి ఎట్లా వస్తే అట్లా ఇస్తామండీ, మేం విప్పి చూడం" అన్నాడు. అదృష్టం కొద్దీ ఆ రోజు మద్రాసు నుంచి కంపెనీ సర్వీసు ఇంజనీరు వచ్చి ఉన్నాడు. నెల్లూరు వైపు మనిషి, మెత్తని గొంతు. ఉబ్బిన కప్పును సీసాతో సహా ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"కప్పు మార్చారా, లేదా?" అక్క సూటిగా అడిగింది.

ఆయన మేనేజరు వైపు ఒకసారి చూసి, "మార్చామండీ" అన్నాడు.

పాత కప్పులు చేసే ఫ్యాక్టరీలో సమ్మె వచ్చిందట. కప్పు లేక మొత్తం కార్ల పనే ఆగిపోయే పరిస్థితి. మరోచోట చేయించారు. పరీక్షలన్నీ చేశారు, బాగానే తేలింది. పరీక్షలు చేసింది మాత్రం తాము ఫ్యాక్టరీలో పోసే ఆయిలుతోనే.

"అయితే పార్టు చెడ్డది కాదు" అన్నాను.

"అస్సలు కాదండీ. మా ఆయిలు పోస్తే చాలా బాగా పనిచేస్తుంది."

"మీ ఆయిలే పొయ్యాలని మాకు ఎవరు చెప్పాలి?"

"సిఫారసు చేసిన ఆయిలే వాడమని పుస్తకంలో ఉందండీ."

"పాత బళ్ళ పుస్తకంలోనూ అదే మాట ఉంది. వాటికి ఏది పోసినా నడిచింది. ఈ బళ్ళకి నడవదు. ఆ తేడా ఎక్కడ రాశారు?"

మిల్లు ఆసామే కల్పించుకున్నాడు. "ఎట్టా రాస్తారండీ? రాస్తే మార్చినట్టు తెలిసిపోద్ది గదా! నేనైనా చెప్పను."

అక్క ఆయన వైపు తిరిగింది. "మీరు దేంట్లో చెప్పరు?"

"దాపరికం ఏముంది? పాతబియ్యంలో కాసిని కొత్తబియ్యం కలుపుతాం. అందరూ చేసేదే. తిన్నాయనకి అన్నం కాస్త ముద్దవుద్ది. అంతేగాని రోడ్డు మధ్యలో ఆగిపోడుగా!"

ఇంజనీరుతో సహా అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది గాని వదల్లేదు. "కొత్తబియ్యం కలిపామని చెబితే ఆ ఇంటావిడ ఎసట్లో నీళ్ళు తగ్గించి పోసుకుంటుంది. అన్నం ముద్దకాదు. మీ బియ్యంలో తప్పు లేదండీ, ఆవిడకి నీళ్ళెన్ని పొయ్యాలో తెలియనివ్వకపోవటమే తప్పు."

"అదీ నిజమేనండోయ్" అన్నాడు మిల్లు ఆసామి.

ఇంజనీరు మా రెండు బళ్ళకీ పాతరకం కప్పులు వేయిస్తానన్నాడు. ఈ సంగతి బయట ఎక్కడా అనొద్దని మేనేజరు బతిమాలాడు. అక్క కప్పులు వేయించుకుంది, మాట మాత్రం ఇవ్వలేదు. "ఈ జిల్లాలో ఇట్లాంటి బళ్ళు ఇంకా ఉన్నాయి. వాటిలో ఎవరు ఎవర్ని ఎక్కించుకుని వెళుతున్నారో మీకు తెలుసా? వాళ్ళందరికీ చెప్పండి" అంది. అది తన చేతుల్లో లేదని ఇంజనీరు తల దించుకున్నాడు.

"అయితే మేం చెబుతాం" అంది అక్క. కరపత్రం వేయిద్దామని మిల్లు ఆసామి అక్కడికక్కడే ఉత్సాహపడ్డాడు. గవర్నరుపేటలో ఆయన మిల్లు క్యాలెండర్లు వేసే ప్రెస్సు ఉంది. రాసేపని నామీద పడింది. నేను ఆవేశంగా "ప్రజలను మోసగించిన" అని మొదలుపెట్టాను. నాన్నగారు చదివి పెన్సిలుతో ఆ మాట కింద గీత గీశారు.

"మోసం చెయ్యాలనే చేశారని నీకు తెలుసా?"

"తెలీదు."

"సీసాలో చూసింది తెలుసు గదా? అది రాయి. చూడనిది రాయకు."

అలా రాస్తే కరపత్రం సగమైంది. ఫలానా కాలంలో కొన్న ఈ రకం బళ్ళలో బ్రేకు కప్పు మారింది, దానికి బజారు ఆయిలు పడదు, పోసి ఉంటే వెంటనే విప్పించి చూపించుకోండి. అంతే. పెట్రోలు బంకుల్లో, ఆటోనగర్ షెడ్లలో పంచాం. మేస్త్రి తన షెడ్డు తలుపుకే ఒకటి అంటించి, అక్కతో, "మీ కాలు తప్పేం లేదండీ. నేను ఊరికే నోరు జారాను" అన్నాడు.

షోరూము మేనేజరు మా ఇంటికొచ్చి కేకలేశాడు. మా మూలంగా బేరాలు పోతాయన్నాడు. నాన్నగారు ఆయన్ని కూర్చోబెట్టి కరపత్రం చేతికిచ్చి, "ఇందులో అబద్ధం ఏదైనా ఉంటే చెప్పండి, దిద్దుకుంటాం" అన్నారు. ఆయన రెండుసార్లు చదివి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. బేరాలు పోలేదు. ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు కాగితం చూసి మానేస్తారా? కొనేవాళ్ళు ఏ ఆయిలు పొయ్యాలో అడిగి మరీ తీసుకెళ్ళారు. నాకు విచిత్రంగా తోచింది అదే. చెబితే ఏదో మునిగిపోతుందని అంతమంది భయపడ్డారు, తీరా చెబితే ఏమీ మునగలేదు.

భవానీపురం నుంచి ఒక టాక్సీ ఆయన కరపత్రం పట్టుకుని వచ్చాడు. ఆయన బండికీ అదే జబ్బు చేస్తే, బండి అచ్చిరాలేదనుకుని నూజివీడు ఆయనకెవరికో అమ్మేశాడట. "ఆయనకి పిల్లలున్నారండీ" అని నిలబడే చెప్పి, ఇంకో రెండు కరపత్రాలు తీసుకుని అటునుంచి అటే నూజివీడు బస్సెక్కాడు.

ఆ ఏడాది మిల్లు ఆసామి కొన్ని బస్తాల మీద పెద్ద అక్షరాలతో "మిక్సు" అని వేయించాడు. అక్క మాట నిలబెడదామనే వేయించాడో, తమాషా చూద్దామని వేయించాడో తెలీదు. జనం అదేదో కొత్తరకం బియ్యమనుకుని అడిగి మరీ కొన్నారు. "డాక్టరుగారూ, నిజం చెబితే నన్ను నమ్మలేదండీ!" అని ఇంటికొచ్చి నవ్విపోయాడు.

చాలా నెలల తర్వాత ఆ ఇంజనీరు మా ఇంటి మెట్ల దగ్గర కనపడ్డాడు. షోరూము పనిమీద వచ్చానని, రైలుకి ఇంకా టైముందని అన్నాడు. కాఫీ ఇచ్చాను. మనసులో ఎన్నాళ్ళుగానో దాచుకున్న ప్రశ్న అడిగాను.

"చెప్పకూడదని ఎవరు నిర్ణయించారండీ?"

ఆయన కాఫీ కప్పు కింద పెట్టి ఆలోచించాడు. "ఎవరూ నిర్ణయించలేదమ్మా. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. పార్టు దొరుకుతుందా అని అడిగారు, దొరుకుతుందన్నాం. పరీక్ష పాసైందా అన్నారు, పాసైందన్నాం. కొన్నవాళ్ళకి చెప్పాలా అని ఎవరూ అడగలేదు. టీలు వచ్చాయి, తర్వాతి సంగతిలోకి వెళ్ళిపోయాం."

"మీకైనా తోచలేదా?"

"తోచలేదు. తోచి ఊరుకున్నానంటే మీకు బాగుండేదేమో. నిజంగానే తోచలేదు."

ఆ జవాబుకి నేను సిద్ధంగా లేను. ఎక్కడో ఒక దుర్మార్గుడు ఉంటాడనీ, ఎప్పటికైనా వాడెవడో తెలుస్తుందనీ అనుకుంటూ వచ్చాను. ఎదురుగా ఉన్నది కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నేలచూపులు చూస్తున్న ఒక మామూలు మనిషి.

వెళ్ళేముందు ఆయన ఉబ్బిన కప్పు ఇంకా ఉందా అని అడిగాడు. లాబు నుంచి ఇంటికి తెచ్చి ఉంచాను. తీసి తుడిచి ఇచ్చాను. "మాటలతో చెబితే తలూపుతారు. ఇది బల్లమీద పెడితే చూస్తారు" అంటూ రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అక్క క్లినిక్కు నుంచి బయటికొచ్చి, ఎండగా ఉందని తనే ఆయన్ని స్టేషనులో దింపి వచ్చింది.

మరుసటి ఏడు వచ్చిన బళ్ళలో బానెట్టు కింద బ్రేక్ ఆయిలు పోసే డబ్బా మూత మీద పసుపు కాగితం ఒకటి అంటించి ఉంది. ఫలానా ఆయిలు తప్ప మరొకటి పోయరాదని ఇంగ్లీషులో రెండు ముక్కలు. ఎందుకో మాత్రం లేదు. అది ఆయన పనేనేమో కనుక్కుందామని షోరూముకి వెళ్ళాను. ఆయన్ని వేరే ప్రాంతానికి మార్చారని మేనేజరు చెప్పాడు. ఎక్కడికని అడిగితే తెలియదన్నాడు.